పట్టీలైటు చివరి మూల

నేను హైదరాబాదు పాతబస్తీలో, జహనుమాలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, పొద్దుగూకితే చాలు, గల్లీ అంతా లో వోల్టేజీని తిట్టుకునేది. బల్బులో తీగ ఎర్రగా కనిపించేంతగా వెలుతురు దిగిపోయేది. పంఖా తిరుగుతోందో లేదో తల ఎత్తి చూస్తే తప్ప తెలిసేది కాదు. టీవీలో బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయేది. మా ఆడపడుచు ఒక్కతే ఆ లో వోల్టేజీ కోసం ఎదురుచూసేది.

తను పుట్టడమే తెల్లగా పుట్టింది. తెలుపంటే మేనిఛాయ ఒక్కటే కాదు. జుట్టు, కనుబొమలు, రెప్పల వెంట్రుకలు అన్నీ పాలనురుగు రంగు. కంటిపాపలు ఒక్కచోట నిలవవు, ఎప్పుడూ అటూ ఇటూ సన్నగా ఊగుతుంటాయి. వెలుతురు కాస్త ఎక్కువైతే కళ్లు తెరవలేదు. గల్లీలో 'సూరజ్‌ముఖి' అనేవారు. పాతబస్తీలో అలా పుట్టినవాళ్లను అలాగే పిలుస్తారు. పొద్దు వైపు ఒక్కసారైనా చూడలేని పిల్లకు పొద్దుతిరుగుడు పువ్వు పేరు పెట్టాలని ఎవరికి తోచిందో!

చిన్నప్పుడు కంటి దవాఖానలో చూపించారట. ఈ చూపు పెరగదు, తగ్గదు, ఎక్కువ వెలుతురు పడనివ్వకండి, పెద్ద అక్షరాలిచ్చి చదివించండి అన్నాడట డాక్టరు. అన్ని మాటల్లోంచి మా అత్తమ్మ ఒక్క మాటనే ఇంటికి తెచ్చుకుంది: వెలుతురు పడనివ్వకండి. వెనక రూము కిటికీకి గోనెపట్టా కొట్టించింది. పిల్ల అందులోనే పెరిగింది. ఎవరైనా అడిగితే "దాని కండ్ల కోసమే" అనేది అత్తమ్మ. నేను వచ్చేసరికి తనకు ఓణీ వేసే వయసు. అక్షరమ్ముక్క రాదు.

నేను బడి గడప తొక్కినదాన్ని కాను. మా నాన్న చాంద్రాయణగుట్ట దగ్గర ఒక చిన్న గుడిలో అర్చకుడు. బడి పెద్ద రోడ్డుకు అవతల ఉండేది. పట్నంలో ఎక్కడ లొల్లి జరిగినా, కర్ఫ్యూ అన్న మాట వినిపించినా, ఆడపిల్లను ఆ రోడ్డు దాటించడానికి ఆయనకు గుండె చాలేది కాదు. చివరికి బడి మాటే మానేసి, గుడి మూసి వచ్చాక మధ్యాహ్నాలు తనే కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, కొంచెం సంస్కృతం నేర్పాడు. పొద్దున్నే దీపం పెట్టి నేటికీ మొదట ఆయనకే దండం పెట్టుకుంటాను. ఆయన నాకు చెప్పిన చదువు నా ఒక్కదాని కోసం కాదని, ఆ వెనక రూములోకి మోసుకుపొమ్మనే దేవుడు నన్ను ఆ ఇంటికి పంపాడని అప్పుడనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటాను.

సాయంత్రం వోల్టేజీ పడిపోగానే వెనక నుంచి కేక వినిపించేది.

"వదినా, డౌన్ అయింది! రా, జల్ది రా!"

ముందటి రూములో బల్బు కింద చాప పరిచేదాన్ని. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని, తల ఒక పక్కకు వంచి పట్టుకునేది. అలా వంచితే కళ్లు తక్కువ ఊగుతాయని తనే కనిపెట్టుకుంది. నేను మసిబొగ్గుతో అట్టల మీద అరచేయంత అక్షరాలు రాసిచ్చేదాన్ని. కొన్నాళ్లకు అవి వేలంతయ్యాయి, మరికొన్నాళ్లకు స్తోత్రాల పుస్తకంలోని అచ్చుకు దిగాయి.

"ఊరంత ఏడుస్తుంటే దీనికి పండుగ" అని సణిగేది అత్తమ్మ, ఆ చీకట్లో బియ్యంలో రాళ్లు కనిపించక.

లో వోల్టేజీ ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్న మనిషి పాతబస్తీ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

తర్వాత గల్లీకి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఇరుగుపొరుగంతా బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. అత్తమ్మ కొబ్బరికాయ కొట్టించింది. ట్యూబులైటు తెల్లగా భగ్గుమంది. పిల్ల ఒక చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో గోడ తడుముకుంటూ వెనక రూములోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి తను ముందటి రూములో కూర్చోవడం నేను చూడలేదు. జీరో బల్బు వేస్తే అక్షరం కనిపించదు, ట్యూబులైటు వేస్తే కన్ను తెరుచుకోదు. తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాక, పెరటి గడప మీద కూర్చుని ఆ కాసేపట్లో చదివినంత చదివేది. ముందటి రూములో నలుగురూ నవ్వుకుంటుంటే, "ఏమైంది వదినా, ఎందుకు నవ్వుతున్నరు?" అని వెనక నుంచి అడిగేది. నేను పోయి చెప్పేసరికి ఆ నవ్వు చల్లారిపోయేది.

ఇంట్లో అందరికన్నా చిన్నవాడు మా మరిది. వాడికి సంబంధాలు చూడటం మొదలుపెట్టాక ముందటి రూముకు ఫాల్స్ సీలింగు వేయించారు. ఎల్‌ఈడీ పట్టీలైట్లు అప్పుడప్పుడే ఇళ్లల్లోకి వస్తున్నాయి. మా ఆయన కరెంటు సామాన్లమ్మే ట్రూప్ బజారుకు పోయి మూడు చుట్టలు తెచ్చాడు. రిబ్బనంత పట్టీ, దాని మీద వరసగా పసుపు చుక్కలు, వెనకాల జిగురు. ఇంటి కరెంటును పన్నెండు వోల్టులకు దించే చిల్లుల రేకు డబ్బా ఒకటి. చూడగానే నేనడిగింది ఒక్కటే.

"ఏమండీ, దీని వెలుతురు తగ్గించుకోవచ్చా?"

"ఎందుకు తగ్గదు? పంఖా తగ్గుతలేదా?" అన్నాడాయన.

అన్న మాట ప్రకారమే ఆదివారం పూట స్టూలెక్కి, రేకు డబ్బా వైరును పంఖా రెగ్యులేటర్‌కు కలిపాడు. బోర్డులో రెగ్యులేటర్ ఎలాగూ ఉంది, ఇంకొకటి ఎందుకు కొనడం అని ఆయన లెక్క. మూడు మీదికి తిప్పేసరికి పట్టీ కన్ను కొట్టినట్టు ఆరుతూ వెలిగింది. రెండు మీదికి తిప్పితే డబ్బా గుయ్యిమంది. కాసేపటికి కాలిన వాసన.

"ఏందిరా, ఇంట్ల కందిరీగలు జొచ్చినయా?" అంటూ వంటింట్లోంచి వచ్చింది అత్తమ్మ.

గల్లీ చివరి ఎలక్ట్రీషియన్ భాయ్‌ను పిలవక తప్పలేదు. బోర్డు విప్పి చూసి నిచ్చెన మీదే పడీపడీ నవ్వాడు.

"క్యా సాబ్, పంఖా రెగ్యులేటర్‌కు కట్టినవా దీన్ని? కుక్కర్‌కు గూడ కట్టు, సీటీ మెల్లగ కొడతది."

"నవ్వింది చాలు గని, చెయ్యి భాయ్" అన్నాడు మా ఆయన మొహం పక్కకు తిప్పుకుని.

తగ్గించేదేదో రేకు డబ్బా దాటాక తగ్గించాలనీ, డబ్బాకు ముందే తగ్గిస్తే డబ్బాకే దమ్ము ఉండదనీ చెప్పాడు భాయ్. కొత్త డబ్బా, దానికీ పట్టీకీ మధ్య చిన్న గుండీ తెచ్చి పెట్టాడు. గుండీ తిప్పితే వెలుతురు తగ్గుతుంది, పెరుగుతుంది. ఆ సాయంత్రమే గుండీ పూర్తిగా తిప్పి లైటు వేశాడు. వీధి తలుపు పక్కన మొదలై, సీలింగు అంచు వెంట రూమంతా చుట్టి, వెనక రూముకు పోయే గుమ్మం మీద ముగిసింది పట్టీ. మొదట్లో పట్టపగలులా ఉన్న వెలుతురు పోనుపోను సన్నగిల్లి, ఆ గుమ్మం దగ్గర మూలకొచ్చేసరికి మసకగా, నెయ్యి రంగులో ఉంది.

భాయ్ చప్పరించాడు. "ఐబ్ ఉంది భాభీ, జర లోపం. మూడు చుట్టలు ఒకటే లైనుల వేస్తే కొసకొచ్చేసరికి కరెంటు అలసిపోతది. రేపొచ్చి ఆ కొసకు గూడ ఒక వైరు ఇస్తా. అంతా బరాబర్ అయితది."

ఆయన మాట పూర్తికాకముందే గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. పిల్ల అంటున్నాను గాని అప్పటికి తనకు పెళ్లీడు దాటుతోంది. కళ్లు తెరిచి ఉన్నాయి. చెయ్యి అడ్డం లేదు.

"వదినా, డౌన్ అయిందా?"

పక్క గోడకున్న క్యాలెండరును తీసి ముక్కుకు ఆనించుకుంది. ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో, వర్జ్యం ఎప్పుడో వరసగా చదువుకుంటూ పోయింది. మా ఆయన స్టూలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తన చెల్లెలు చదువుతుందని, రోజూ పొద్దుపోయాక ఇంటికొచ్చే ఆయనకు వినికిడే గాని, చూడటం అదే మొదలు.

"భాయ్, ఆ రెండో వైరు వద్దు" అన్నాను.

"అరె, చూసినోళ్లు నా పనిని ఖరాబ్ అంటరు భాభీ."

"నీ పేరున రోజూ దీపం పెడత. అట్లనే ఉండనియ్యి."

"దీపం గూడ కొసకే పెడతవా ఏంది?" అని నవ్వుకుంటూ సామాన్లు సర్దుకున్నాడు. నేను మాట తప్పలేదు. ఆ మనిషి చల్లగా ఉండాలని ఆ రోజు నుంచి మొక్కుతూనే ఉన్నాను.

కొన్ని నెలలు ఆ మూల తనదైంది. పీట వేసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. నేను కూర తరుగుతుంటే స్తోత్రాలు చదివి వినిపించేది. తప్పు చదివితే మరిది ఏడిపించేవాడు, తను చేతికందిన చిక్కుడుకాయ విసిరేది. నలుగురు నవ్వినప్పుడు తనూ అప్పుడే, మాతోపాటే నవ్వేది. నేను అంతకన్నా పెద్ద కోరిక ఎప్పుడూ కోరలేదు.

చిక్కంతా గుండీతోనే వచ్చింది. అత్తమ్మకు ఆ గుండీ తెగ నచ్చింది. వచ్చినవాళ్లకు తిప్పి చూపించేది. "చూడుండ్రి, హోటల్ల ఉన్నట్టు!" అని సగానికి తగ్గించేది. సగానికి తగ్గగానే మూలలోంచి పిల్ల గొంతు వచ్చేది.

"వద్దమ్మా. వెలుతురు ఇరుగుతున్నది. ముక్కలు ముక్కలైతున్నది."

"ఇరుగుడేంది? మాకెవ్వరికీ కనిపించనిది నీకెట్ల కనిపిస్తది? నీకు కనిపించేదే తక్కువాయె!"

ఆ మాటకు పిల్ల పుస్తకం మూసేసింది. నాకు పట్టుదల వచ్చింది. గుండీ సగానికి తిప్పి, వెలిగించని అగరుబత్తి పుల్ల ఒకటి లైటు కింద అటూ ఇటూ వేగంగా ఊపాను. గాలిలో ఒక పుల్ల కాదు, విడివిడిగా వరుసగా ఎన్నో పుల్లలు కనిపించాయి, విసనకర్ర విప్పినట్టు. గుండీ పూర్తిగా తిప్పి ఊపితే అలా లేదు. భాయ్‌ను పిలిచి చూపించాను. మొదట "ఆ అమ్మ కండ్లదే ఫరక్" అన్నవాడు, పుల్ల తనే ఊపి చూసి తల గోక్కున్నాడు.

"అవును భాభీ. ఈ గుండీ తగ్గించేది తగ్గించుడు కాదు. ఊకె ఆర్పి ముట్టిస్తది, ఫటాఫట్. మన కన్ను పట్టుకోదు. ఆమె కండ్లు కదులుతనే ఉంటయి కదా, పట్టుకుంటున్నట్టున్నయి. గుండీ ఫుల్ పెట్టుండ్రి, ఫికర్ లేదు."

అత్తమ్మను కూర్చోబెట్టి పుల్ల ఊపి చూపించాను. నమ్మితే చాలు, మనసు మారుతుందనుకున్నాను. ఆమె బాగానే చూసింది.

"కనిపించింది. అయితే ఏంది? ఇంట్ల అగర్బత్తి ఊపుకుంట ఎవరు తిరుగుతరు?" అని లేచి వెళ్లిపోయింది.

ఇంతలో మరిదికి ఒక సంబంధం దగ్గరపడింది. ఉద్యోగం బదిలీ మీద వచ్చి పట్నంలో స్థిరపడిన కోస్తా కుటుంబం. ఇల్లు చూసి మాటలు ఖాయం చేసుకోవడానికి సాయంత్రం వస్తున్నామని కబురు పెట్టారు. అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"పెద్దదాన్ని ఇంట్ల పెట్టుకుని చిన్నోనికి ఎట్ల చేస్తున్నరని అడుగుతరు. చిన్నప్పుడు జరమొచ్చి చూపు పోయిందని చెప్త. నువ్వు మధ్యల నోరు తెరవకు."

"అబద్ధమెందుకు అత్తమ్మా? పుట్టుక గట్ల. అందుల తప్పేముంది?"

"తెలుపు పుట్టుకతోని అంటే రక్తంల ఉన్నదంటరు. రేపు వాళ్ల బిడ్డకు గిట్లనే పుడతదని లేచిపోతరు. జరమంటే జరమే. నీ దేవునికి నువ్వు మొక్కుకో, నా కొడుకు పెండ్లి నేను చేసుకుంట. ఆ పూటకు దాన్ని వెనకనే ఉండమను."

వెనక గుమ్మంలోంచి పిల్ల అంది, "నా తమ్ముని పెండ్లి మాటలు. నేను నా జాగల కూసుంట."

అత్తమ్మ పొయ్యి మీది గిన్నె దించింది. తర్వాత, "సరే, కూసోనీ. నెత్తి మీద కొంగు కప్పుకో" అంది. అంత సులువుగా ఒప్పుకున్నందుకు నేను అక్కడే, పొయ్యి ముందే, దేవుడికి చేతులు జోడించాను.

పిల్ల ఉన్నాబి రంగు చీర, ముదురు ఎరుపుది, కట్టుకుంది, కొంగు తల మీదికి లాక్కుని పీట మీద కూర్చుంది. వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. అత్తమ్మ తలుపు తీయడానికి పోతూ పోతూ గుండీని బాగా కిందికి తిప్పింది. రూమంతా ముసురు పట్టినట్టయింది. ఆ మసకలో తెల్లజుట్టు, తెల్లచర్మం తెలియనే తెలియవు. ఆమె ఎందుకు ఒప్పుకుందో నాకప్పుడు అర్థమైంది.

పిల్ల గట్టిగా కళ్లు మూసుకుంది. లేచి వెళ్లలేదు.

పలకరింపులయ్యాయి, చాయ్ అయింది. పెళ్లికూతురి తల్లి మూల వైపు చూసి మెల్లగా అడిగింది, "అమ్మాయికి నిద్రొస్తున్నట్టుందండీ?"

"నిద్ర కాదమ్మా" అంది అత్తమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "కండ్లు లెవ్వు. చిన్నప్పుడు జరమొచ్చి పోయినయి."

"అయ్యో పాపం!"

"ఆమెకు చూపుందండీ" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "చదువుతుంది. రోజూ చదువుతుంది."

అందరూ నా వైపు తిరిగారు. అత్తమ్మ నవ్వింది. "దానికి ఆడిబిడ్డంటే పానం. గట్లనే అంటది."

పెళ్లికూతురి తల్లి మంచిదే. పరీక్ష పెట్టాలని కాదు, నిజంగానే సంతోషపడి, టీపాయ్ మీదున్న వారపత్రిక అందుకుని పిల్ల చేతిలో పెట్టింది. "ఏదమ్మా, చదువు చూద్దాం."

పిల్ల కళ్లు తెరిచింది. పత్రికను ముక్కుకు ఆనించుకుంది, తల పక్కకు వంచింది. నేను లేచి గుండీ దగ్గరికి పోయాను. అప్పటికే అత్తమ్మ చెయ్యి దాని మీద ఉంది.

"ఉండనీ కోడలా. అంత లైటేస్తే చుట్టాలకు కండ్లు జిగేల్మంటయి."

ఆమె చేతిని లాగెయ్యాలంటే అందరి ముందూ పెనుగులాడాలి. మా ఆయన వైపు చూశాను. ఆయన చాయ్ కప్పులోకి చూస్తున్నాడు. పెళ్లి తనదే అయిన మరిది సాసర్లో చెంచా తిప్పుతున్నాడు. తను చదవడం వీళ్లిద్దరూ కళ్లారా చూసినవాళ్లే.

పిల్ల కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఏడుపు కాదు, ఆ వెలుతురు. కొద్దిసేపు చూసి పత్రిక ఒళ్లో పెట్టుకుంది.

"కనపడ్తలేదు" అంది.

"పర్లేదమ్మా, పర్లేదు" అని ఆవిడ తన తల నిమిరింది. నన్ను జాలిగా చూసింది. మిగతా మాటలు చకచకా అయిపోయాయి. సంబంధం కుదిరింది. అత్తమ్మ దేవుడి ముందు పళ్లెంలో పసుపు కుంకుమ పెట్టి, నన్ను హారతివ్వమంది. ఇచ్చాను. ఏ రోజైనా దేవుడికి చెప్పుకోవడానికి ఏదో ఒక మేలు దొరికే నాకు, ఆ రోజు కర్పూరం ఆరిపోయే దాకా వెతికినా ఒక్కటీ దొరకలేదు.

మర్నాడు పీట మూలలో లేదు. వెనక రూములో ఉంది.

"ఇగ రాను వదినా" అంది తను. "గుండీ అమ్మ చేతుల ఉన్నంత కాలం అది నా జాగ కాదు."

ఎంత చెప్పినా వినలేదు. కోపంగా కూడా చెప్పలేదు, అదే నాకు ఎక్కువ బాధ. మా ఆయన రెండు మూడు రోజులు ఆ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. అన్నం పెట్టేటప్పుడు ఆయనతో ఒక్క మాటే అన్నాను. "మీరన్నా 'చదువుతది' అనొచ్చు కదా." ఆయన పెరుగు అడిగాడు.

భాయ్‌ను పిలిపించి ఉన్న సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఇంకెక్కడో పనిలో మిగిలిన చుట్టలు రెండు తెచ్చాడు. వెనక రూములో పట్టీ మొదలును బీరువా వెనకాల దాచి, గోడ వెంట తిప్పి తిప్పి, మసకబారిన కొసను తన మంచం తలాపున ఆపాడు. చిన్న రేకు డబ్బా, మామూలు స్విచ్చు. గుండీ లేదు. "గీ ఐబ్ నీకే, అమ్మా" అని వెళ్లిపోయాడు. గోనెపట్టా కొట్టిన ఆ రూములో నెయ్యి రంగు వెలుతురు పరుచుకుంది. తనకు వెలుతురు దొరికింది, కాదనను. ఆ వెలుతురు ముందటి రూములో ఉండాల్సింది. నలుగురూ నవ్వేది అక్కడ.

పెళ్లయింది. కొత్త తోటికోడలు ఇంటికొచ్చిన వారంలోనే, ఏదో అడగడానికి నా వెంట వెనక రూములోకి వచ్చింది. పిల్ల మంచం మీద కూర్చుని, స్తోత్రాల పుస్తకం ముక్కుకు ఆనించుకుని, వేలు పెట్టుకుంటూ పైకి చదువుతోంది. కొంగు లేదు, తెల్లజుట్టు భుజాల మీద ఉంది. కొత్తపిల్ల గుమ్మంలోనే ఆగిపోయి, నా మొహం, తన మొహం మార్చి మార్చి చూసింది.

"అదేంటక్కా, కళ్లు లేవన్నారు కదా?"

నేను నోరు తెరిచేలోపే పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండా అంది.

"ముందటి రూముల లెవ్వు. ఈడ ఉన్నయి. రా, కూసో."